కంప్యూటర్ రాజు బుద్ధి మార్చుకున్నాడు

కంప్యూటర్ మోసం చెయ్యడం నేర్చుకున్న రోజును సోలాపూర్ నేతగాళ్లందరూ ఏటేటా పండగ చేసుకోవాలని నా ప్రతిపాదన. నవ్వకండి. సాంచలు, అదే మా మరమగ్గాలు, బందుండే రోజు చూసి, తలస్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ రాస్తున్నాను.

ఎదుటివాడు రోజూ ఒకే తీరుగా ఉంటే మనిషి చెడిపోతాడు. కాళ్లు బారజాపుకుని కూర్చుంటాడు. లోకమంతా తన చంకలో ఉందనుకుంటాడు. మా నీలం నగర్‌లో నల్లా రోజూ ఒకే వేళకు వస్తే మా ఆడవాళ్లకు ఈ చురుకుదనం ఎక్కడిది? ఒకరోజు కోడి కూయకముందు, ఒకరోజు మిట్టమధ్యాహ్నం, ఒకరోజు అసలే రాదు. ఆ నీళ్లు వదిలే మహానుభావుడెవరో గానీ, ఒక్క పైసా జీతం కూడా తీసుకోకుండా ఇంటింటికో సైనికురాలిని తయారు చేశాడు!

ఆగవలసిన చోట ఆగని బస్సు వల్ల కదా మాకు పరుగు వచ్చింది? గెలిచేదాకా వంగి దండం పెట్టి, గెలిచాక ముఖం తిప్పుకునే నాయకుల వల్ల కదా మనిషి మెడ ఎన్నివైపుల తిరుగుతుందో మాకు తెలిసింది? కాబట్టి మార్పు మంచిది. ముఖ్యంగా ఎదుటివాడిలో వచ్చే మార్పు మరీ మంచిది. ఇక అసలు సంగతికి వస్తాను.

భవాని పేట్‌లో సిద్ధరాములు అని ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు ఎనిమిది సాంచల షావుకారు. అవి అమ్మేసి, ఆ షెడ్డుకే సున్నం వేయించి కంప్యూటర్ క్లాసు పెట్టాడు. అప్పటి నుంచి పేరు చివర 'సర్' చేర్చుకున్నాడు. ఎవరూ చేర్చకపోతే తనే చేర్చుకోవాలి కదా. లోపలికి వెళ్లాలంటే చెప్పులు బయట విప్పాలి, కాళ్లు తుడుచుకోవాలి, దగ్గకూడదు. కంప్యూటర్ మీద ముఖమల్ గుడ్డ కప్పి ఉంటుంది. ఆ గుడ్డ తీయడం, మళ్లీ కప్పడం, ఈ రెండు విద్యల్లోనూ సిద్ధరాములు సర్‌ను మించినవాడు జిల్లాలోనే లేడు.

నేర్చుకునేవాళ్లు పెద్దగా రాకపోయేసరికి ఆయన ఒక ఆట పెట్టాడు. ఆటకొక టికెట్. తెర మీద రెండు రాజ్యాలు. ఒకటి మనది, ఒకటి కంప్యూటర్ రాజుది. కోటలు, పల్లెలు, ధాన్యం, సైన్యం ఇద్దరికీ ఉంటాయి. మన వంతు మనం ఆడతాం, తర్వాత అతను తన వంతు ఆడతాడు. తొందర లేదు, అరుపుల్లేవు. మన వంతు వచ్చాక టీ తాగి వచ్చినా అతను అలాగే కూర్చుని ఉంటాడు. అతని కోట పడితే గెలుపు మనది.

ఆ పాత రాజు ఎంత మంచివాడో చెప్పలేను. తూర్పు దర్వాజా తెరిచిపెడితే సైన్యమంతా వేసుకుని తూర్పుకే వచ్చేవాడు. కానుక పంపితే మూడు వంతులు కదలకుండా కూర్చునేవాడు. నిన్న ఎక్కడ దెబ్బ తిన్నాడో ఇవాళ అక్కడికే తల తెచ్చి పెట్టేవాడు. నా సాంచకు కూడా ఇంత క్రమశిక్షణ లేదు. రెండు నెలల్లో అతన్ని నేను నా గుప్పిట్లో పెట్టుకున్నాను. నన్ను చూడగానే కొంతం చౌక్ టీ దుకాణంలో జనం జరిగి చోటిచ్చేవాళ్లు. అప్పట్లో నేనే రాజునని నాకు గట్టి నమ్మకం.

అలాంటి రోజుల్లో సిద్ధరాములు సర్ గోడకు ఒక కాగితం అంటించాడు. కంప్యూటర్ రాజును ఓడించినవారి ఇంట్లో ఒకరికి ఆరునెలల కంప్యూటర్ కోర్సు ఉచితం.

ఇక్కడ ఒక్క మాట నేరుగా చెప్పాలి. మా బిడ్డ శాంత పది పాసై రెండేళ్లయింది. అప్పటి నుంచి తల్లి పక్కన కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. దాని వేళ్లు మెల్లమెల్లగా వాళ్లమ్మ వేళ్ల రంగుకు వస్తున్నాయి. ఆ రంగు నేను చూడలేను. ఆ కోర్సు నాకు కావలసింది అందుకు. ఈ నాలుగు మాటల్లో వెటకారం వెతకకండి.

కాగితం అంటించిన సాయంత్రమే వెళ్లి, గంట తిరక్కుండా పాత రాజు కోట పడగొట్టాను. సిద్ధరాములు సర్ చప్పట్లు కొట్టాడు, తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అరే నర్సప్పా, ఇది జునా ఫ్లాపీ. జునా రాజును ఎవడైనా ఓడగొడతడు. స్పర్ధ కొత్త ఫ్లాపీ మీద. రేపు వస్తది, అప్పుడు ఆడు."

ఎంత న్యాయమైన మాట! పాతది పాతదే, పోటీ పోటీయే కదా. నేను తల ఊపి వచ్చేశాను.

కొత్త ఫ్లాపీ వచ్చింది. తెర అదే, కోటలు అవే, పల్లెలు అవే. రాజు ఒక్కడే మారిపోయాడు. తూర్పు దర్వాజా తెరిచిపెట్టాను, అటు చూడనైనా లేదు. కానుక పంపాను. తీసుకున్నాడు. థాంక్స్ అన్నట్టు వాయిద్యం కూడా మోగించాడు. మరుసటి వంతులోనే నా రెండు పల్లెలు తగలబెట్టాడు.

నేనేం చేశానంటారా? మళ్లీ తూర్పు దర్వాజా తెరిచాను. మళ్లీ కానుక పంపాను. మూడు వారాలు అదే పని. ఇరవై ఏళ్లుగా సాంచ మీద బతికినవాణ్ని. పోగు ఒకేచోట తెగుతుంటే లోపం సాంచలో ఉంటుంది, కాస్త నూనె వేసి ఓపిక పడితే దారికి వస్తుంది. యంత్రానికి మనసుండదు, అలవాటే ఉంటుంది. ఇది నా సిద్ధాంతం. ఈ సిద్ధాంతంతో నేను పదిహేడుసార్లు రాజ్యం పోగొట్టుకున్నాను. టీ దుకాణంలో నా చోటు మళ్లీ వాకిట్లోకి వచ్చింది. నా పక్క సాంచ నడిపే సాయిలు, ఆట మొదలుపెట్టే ముందు కంప్యూటర్‌కు ఊదుబత్తి వెలిగించమన్నాడు. అదీ అడిగాను. ముఖమల్ గుడ్డకు పొగ పడదని సిద్ధరాములు సర్ ఒప్పుకోలేదు.

పద్దెనిమిదోసారి ఓడి వచ్చి, కంప్యూటర్‌ను అమ్మనా బూతులు తిడుతూ అన్నం ముందు కూర్చున్నాను. నా భార్య యమునాబాయి బీడీ ఆకు కత్తిరిస్తూ అంతా విన్నది. తిట్లు అయ్యేదాకా ఆగి, తల ఎత్తకుండానే అడిగింది.

"సాంచ అదే, నూలు అదే. నువ్వు జెకార్డు అట్టలు మార్చితె నిన్న గులాబి పువ్వు నేసిన సాంచ ఇయ్యాల నెమలి నేస్తదా లేదా?"

"నేస్తది."

"మరి వాడు అట్టలు మార్చిండు. నువ్వింక గులాబి కోసమే సూసుకుంట కూసున్నవ్."

పాఠకులారా, చద్దర్ల మీద పువ్వులూ నెమళ్లూ దించడానికి సాంచకు ఆ చిల్లుల అట్టలు మార్చేది నేను. ఊళ్లో ఆ పనికి నన్నే పిలుస్తారు. ఫ్లాపీ కూడా అట్టే అన్న సంగతి నాకు మూడు వారాలు తట్టలేదు. బీడీలు చుట్టే మనిషికి నేను అన్నం తినేలోపు తట్టింది. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఇంకో ముద్ద అడిగి తిన్నాను.

మరుసటి వారం ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాను. ఇంగ్లీషు అక్షరాలు రావు కాబట్టి ఆమె చెబుతుంది, నేను మీట నొక్కుతాను. మొదటి ఆరు వంతులు ఆమె నన్ను ఏమీ చెయ్యనివ్వలేదు. పల్లె పోతోందన్నాను. పోనియ్యమంది. ఇంకోటి పోతోందన్నాను.

"జర ఆగయ్యా. కొత్త చెకర్ వచ్చినప్పుడు మేం సుతా గిట్లనే జేస్తం. ముందుగాల వాని చెయ్యి ఏడికి పోతదో సూడాలె."

బీడీ కంపెనీలో కట్టలు తనిఖీ చేసే చెకర్ సంగతి మగవాళ్లకు తెలియదు. ఒకడు కొన నొక్కి చూసి బాగాలేదని పక్కన పడేస్తాడు. వాణ్ని మార్చి ఇంకొకణ్ని పెడితే వాడు దారం చూస్తాడు, మరొకడు ఆకు వాసన చూస్తాడు. ఎవరు దేనికి పక్కన పడేస్తారో ముందుగా చెప్పరు. పడేసిన బీడీలు తిరిగీ ఇవ్వరు. అందుకని మా ఆడవాళ్లు మొదటి రెండు మూడు రోజులు తలా ఒక రకం కట్ట ఇచ్చి, వాడి ముఖం చూడకుండా వేళ్లనే చూస్తారు. నాలుగో రోజుకు వాడు వాళ్లకు అర్థమైపోతాడు. నెలకొకణ్ని మార్చినా అంతే. ఇరవై రెండేళ్లుగా యమునాబాయి ఈ ఆటే ఆడుతోందని నాకు ఆ రోజు తెలిసింది. మేము ఒకే కప్పు కింద ఉంటున్నాం.

ఏడో వంతుకు ఆమె తేల్చేసింది. కొత్త రాజు కానుక చూడడు, దర్వాజా చూడడు. ధాన్యం ఎక్కువ, సైన్యం తక్కువ ఉన్న పల్లె ఎక్కడుంటే అక్కడికి పరిగెత్తుతాడు. అంతే, ధాన్యమంతా రాజ్యం చివర ఉన్న ఒక పల్లెలో పెట్టించింది. రాజు సైన్యం బయలుదేరింది. అది దగ్గరికి వచ్చేసరికి ధాన్యం పక్క పల్లెకు తోలించింది. సైన్యం అటు తిరిగింది. మళ్లీ తోలించింది. అలా అతని సైన్యాన్ని రాజ్యమంతా తిప్పి తిప్పి, మరోవైపు నుంచి మా వాళ్లను పంపి ఖాళీ కోటలో జెండా పాతించింది.

తెర ఒక్కసారి నల్లబడింది. తర్వాత అక్షరాలు వచ్చాయి. నేను ఓడిపోయాను, రాజ్యం మీది అని కంప్యూటర్ రాజు తనే రాసుకున్నాడు. నేను చదివి వినిపిస్తే యమునాబాయి ఇంకోసారి చదవమంది.

సిద్ధరాములు సర్ వచ్చి తెర చూశాడు. ఈసారి చప్పట్లు కొట్టలేదు. ముఖమల్ గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు.

"శాబాస్ వదినె. కానీ ఇది ప్రాక్టీస్‌ది. స్పర్ధ ఫ్లాపీ పుణె నుంచి రావాలె. నియమ్ అంటే నియమ్ కదా, నర్సప్పా?"

గోడ మీద కాగితం వైపు చూపించాను. అందులో ఏ ఫ్లాపీ అని లేదు. ఆయన జేబులోంచి పెన్ను తీసి, నా కళ్లముందే అడుగున ఒక వరుస రాశాడు. రాసి గుడ్డ కప్పేశాడు.

అందుకే నేను కంప్యూటర్ రాజుకు జై కొడుతున్నాను. అతను కానుక తిని మోసం చేశాడు, నిజమే. పల్లెలు తగలబెట్టాడు, అదీ నిజమే. కానీ ఆట నడుమ అట్టలు మార్చలేదు. తన వంతు అయ్యాక మా వంతు కోసం నోరు మూసుకుని ఆగాడు. ఓడాక ఓడినట్టు రాసిచ్చాడు. నా నలభై ఆరేళ్ల బతుకులో ఏ షావుకారూ, ఏ కంపెనీవాడూ, ఏ 'సర్'రూ ఈ మూడింట్లో ఒక్కటైనా చెయ్యగా నేను చూడలేదు. మోసగాళ్లలో ఇంత మర్యాదస్తుడు ఉంటాడని మనకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే! సిద్ధరాములు సర్‌ను ఆ పెట్టెలో కూర్చోబెట్టి, క్లాసును ఆ రాజు చేతికి అప్పగిస్తే భవాని పేట్ బాగుపడుతుందని నా నిశ్చితాభిప్రాయం.

మేము ఇల్లు చేరేసరికి శాంత నిమ్మచెక్కతో వేళ్లు తోముకుని, జడ వేసుకుని గడప మీద కూర్చుని ఉంది. క్లాసు కిటికీలోంచి ఆట చూసిన సాయిలు ముందే వచ్చి గెలుపు కబురు చెప్పిపోయాడట.

"క్లాసు ఎప్పటి సంది, బాపూ?" అని అడిగింది.

ఇక్కడిదాకా మీతో ఇన్ని మాటలు మాట్లాడినవాణ్ని, నా బిడ్డకు సిద్ధరాములు మాటే అప్పజెప్పాను. పుణె నుంచి కొత్త ఫ్లాపీ రావాలట, అది వచ్చాక చూద్దాం అన్నాను. యమునాబాయి లోపలికి వెళ్లిపోయింది.

శాంత నా ముఖం చూడలేదు. నా చేతుల వైపే కాసేపు చూసింది.

"అది వచ్చినంక ఇంకోటి రాదా?" అని, లోపలికి వెళ్లి చాట ఒళ్లోకి లాక్కుంది.