చెవులకు గడి లేదు

కుందేలు పళ్లు అది బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. భూమండలంలో ఈ గుణం ఇంకొక్కదానికే ఉంది: దరఖాస్తుకు జతపరచవలసిన పత్రాల జాబితాకు. కాకపోతే కుందేలు తన పళ్లను తానే అరగదీసుకుంటుంది. జాబితాను అరగదీయాలంటే చెప్పులు కావాలి, ఆ చెప్పులు ప్రజలవై ఉండాలి.

ఆళ్లగడ్డ నాగజ్యోతికి ఈ సంగతి ఒక సోమవారం పొద్దున తెలియడం మొదలైంది. ఆమె ఇంట్లో ఒక తెల్ల కుందేలు ఉంది. పేరు సున్నం. కూతురు వర్షిణి ముచ్చటపడి తెచ్చుకుంది. వచ్చిన ఎనిమిది నెలల్లో సున్నం రెండు ఫోను చార్జర్లు, టీవీ కేబులు, ప్లాస్టిక్ కుర్చీ కాలు, గ్యాసు పుస్తకం అట్ట నమిలింది. పెళ్లి ఆల్బంలో పెళ్లికొడుకు వైపు బంధువులందరినీ కూడా నమిలేసింది (ఇందుకు నాగజ్యోతి దాన్ని ఒక్క మాట అనలేదు). ఆ సోమవారం అది వర్షిణి ఇంటర్ మార్కుల మెమో మీద పడింది.

మెమో మొత్తం తినలేదు. కింద కుడివైపు మూల, హాల్ టికెట్ నంబరున్న చోటు, అంతవరకే తింది. మార్కులన్నీ క్షేమం. ఆ నంబరు వర్షిణికి నోటికొచ్చు, ఫోనులో ఉంది, హాల్ టికెట్టు మీదా ఉంది. కానీ మెమో మీద లేని నంబరు ప్రభుత్వ లెక్క ప్రకారం నంబరు కాదు. వర్షిణికి నంద్యాల నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. ఆ సోమవారం నుంచి లెక్కపెడితే పద్దెనిమిదో రోజు సాయంత్రం ఐదు గంటల్లోపు అసలు మెమో చూపిస్తే సీటు ఆమెది, చూపించకపోతే ఆమె తరవాతి అమ్మాయిది.

వర్షిణి ఏడ్చింది. నాగజ్యోతి ఏడుపు ఆపుకుంది. తను ఇంటర్‌తో ఆగిపోయింది. కూతురు కూడా అక్కడే ఆగిపోతే, అదీ ఒక కుందేలు వల్ల, ఊళ్లో ఎవరికి చెప్పుకోవాలో ఆమెకు తెలియలేదు.

వీధి చివర ప్రజాసేవా కేంద్రం ఉంది. అందులో ఇమ్మానుయేలు ఉంటాడు, ఇమ్మానుయేలు ముందు కంప్యూటరు ఉంటుంది. మెమో నకలుకు దరఖాస్తు అక్కడే పెట్టాలి.

"కారణం చెప్పక్కా. అగ్గా, నీళ్లా, దొంగలా, చెదలా, జంతువా?"

"జంతువే. చెవులపిల్లి నమిలేసిందప్పా."

(ఈ వైపు కుందేలును చెవులపిల్లి అంటారు. పిల్లులు ఇంతవరకూ అభ్యంతరం చెప్పలేదు.)

ఇమ్మానుయేలు జంతువుల పట్టిక తెరిచాడు. అందులో ఎలుక, కుక్క, పిల్లి, కోతి, గేదె ఉన్నాయి. "పిల్లి పెడతాండా," అన్నాడు.

"పిల్లి కాదప్పా, చెవులపిల్లి."

"పిల్లి ఉండాదక్కా. చెవులకు ఈడ గడి లేదు."

"మరి చెవులు యాడ రాస్తావ్?"

"చెవులు దానికే ఉంటాయిలే. దరఖాస్తుకెందుకు?" అని మీట నొక్కేశాడు. ఆ క్షణం నుంచి ప్రభుత్వ దృష్టిలో సున్నం పిల్లి అయింది.

మూడో రోజు నాగజ్యోతి బస్సెక్కి నంద్యాల వెళ్లింది. అక్కడ 'దెబ్బతిన్న పత్రాల పునర్జన్మ ఉపవిభాగం' ఉంది. దాని అధిపతి వరదరాజులు అహోబిలం మనిషి, పద్ధతి గలవాడు, భూతద్దం లేకుండా కాగితం చూడడు. మెమో మూలను అద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు.

"పిల్లి చించుతాది, గీరుతాది, కాగితం మీద పండుకుంటాది. నమలదు. ఇవి పిల్లి పళ్లు కాదమ్మా."

"అది పిల్లి కాదు సార్. కుందేలు."

"దరఖాస్తులో పిల్లి ఉండాదే?"

"కంప్యూటర్లో చెవులకు గడి లేదంట సార్."

వరదరాజులు ఈ మాటకు చలించలేదు. "పశువుల డాక్టరుతో రాయించుకొని రా," అన్నాడు.

ఆళ్లగడ్డ పశువుల డాక్టరు జయరాజు ఈ కథలో అందరికంటే వింత మనిషి. ఎందుకంటే అతను కుందేలు కాగితం చూపించమనలేదు, కుందేలును చూపించమన్నాడు. సున్నం పెదవి పైకెత్తి పళ్లు చూశాడు, దాంతో కాసేపు కబుర్లాడాడు, నమిలింది కుందేలేనని కాగితం రాసిచ్చి నాగజ్యోతి వైపు తిరిగాడు.

"కొట్టొద్దు, తిట్టొద్దు. నమలకుంటే పళ్లు పెరిగి దానికి నోరు మూతపడదు. నీ వస్తువులు నమలకూడదంటే వేరేది ఏదో ఒకటి ఇస్తాండాల. ఎండుగడ్డి రోజంతా ముందర పెట్టు. అట్టపెట్టెలు, వెదురు తట్ట నమలను దాని ముందర పడెయ్. వైర్లన్నీ పైపుల్లోకి తోసెయ్. కాగితాలు బీరువాలో పెట్టుకో."

నాగజ్యోతి ఎలక్ట్రికల్ షాపులో పైపు ముక్కలు కొనుక్కుంది, పొలం నుంచి వరిగడ్డి తెప్పించింది, పాత వెదురు తట్ట ఒకటి దాని ముందు పడేసింది. మర్నాటి నుంచి సున్నం ఇంట్లో సామాను వంక చూడలేదు. తట్ట అంచు కొరుక్కుంటూ తన మానాన తను ఉంది. ఒక జంతువు నమలడాన్ని దారిలో పెట్టడానికి పట్టిన కాలం, మొత్తం కలిపి, ఒక్క సాయంత్రం. దీనికి దరఖాస్తు లేదు.

ఆఫీసువాళ్లూ అంతేననుకుంది నాగజ్యోతి. వాళ్లకూ రోజూ ముందర ఏదో ఒక కాగితం పడుతుండాలి, లేకపోతే మనుషుల్ని నములుతారు. కానీ వరదరాజులును పైపులో పెట్టే ఉపాయం జయరాజు చెప్పలేదు.

ఐదో రోజు వరదరాజులు డాక్టరు కాగితం చదివాడు. "దరఖాస్తులో పిల్లి. ఇందులో కుందేలు. పేరులో తేడా ఉండాది."

"రెండూ ఒకటే సార్!" నాగజ్యోతి గొంతు కొంచెం లేచింది.

"ఒకటేనని నువ్వంటాండావు. కాగితం అనాల గదా."

ఆ కాగితం పేరు ఏకత్వ ధ్రువపత్రం. ఒకే మనిషి ఒకచోట సుబ్బమ్మగా, ఇంకోచోట సుబ్బలక్షమ్మగా నమోదైతే, ఇద్దరూ ఒక్కరేనని ఇది తేలుస్తుంది. సున్నానికి వర్తిస్తుందా అని నాగజ్యోతి అడిగింది. నిబంధనల్లో 'వ్యక్తి' అనే ఉంది, రెండు కాళ్లుండాలని ఎక్కడా లేదని వరదరాజులు చెప్పాడు. పేరు తేడా ఎవరికి వచ్చిందో వాళ్లే దరఖాస్తుదారు కావాలి, యాప్‌లో వాళ్లే మొహం చూపించాలి.

ఆరో రోజు ఇంట్లో సున్నం మొహాన్ని ఫోను ముందు పట్టుకున్నారు. 'కనురెప్ప వేయండి' అంది యాప్. సున్నం వేయలేదు. 'దయచేసి కనురెప్ప వేయండి' అంది. సున్నం యాప్‌ను చూసింది, యాప్ సున్నాన్ని చూసింది. జయరాజుకు ఫోను చేస్తే, కుందేలు గంటకు పదిసార్లు రెప్ప వేస్తే గొప్పన్నాడు. యాప్ ఇచ్చే గడువు ముప్పై సెకన్లు. తల్లీకూతుళ్లకు తల ప్రాణం తోకకొచ్చింది. నలభై ఒకటోసారి వర్షిణి తుమ్మింది, సున్నం ఉలిక్కిపడి రెప్ప వేసింది. 'ధన్యవాదాలు సున్నం గారూ, మీ ఖాతా సిద్ధం' అని వచ్చింది.

తరవాత విచారణ. విచారణాధికారి బాధ్యత కూడా ఇమ్మానుయేలుదే (సిబ్బంది కొరత). అతను పక్కింటి రాములమ్మను సాక్షిగా పిలిచాడు.

"దరఖాస్తులో పిల్లి అని రాసిందీ, డాక్టరు కుందేలు అని రాసిందీ ఈ ఒక్క జంతువేనా?"

"ఏందప్పా నువ్వు? పిల్లి అని రాసింది నువ్వే గదా. నీకు తెలీదా?"

"నాకు తెలుసవ్వా. విచారణాధికారికి తెలీదు."

విచారణాధికారికి తెలియడానికి తొమ్మిది రోజులు పట్టింది. పదిహేనో రోజు ధ్రువపత్రం వచ్చింది. పద్దెనిమిదో రోజు పదకొండు గంటలకు, నంద్యాలలో, తల్లీకూతుళ్లిద్దరూ ఎదురుగా ఉండగా, వరదరాజులు స్వహస్తాలతో కొత్త మెమో ఇచ్చాడు. నిగనిగలాడుతోంది. మార్కులు సరిగ్గా ఉన్నాయి. నంబరు అంకెలన్నీ ఉన్నాయి. తల్లి పేరు నాగజ్యోతి అని ఉంది.

విద్యార్థి పేరు సున్నం అని ఉంది.

"సార్, నా కూతురు పేరు వర్షిణి."

"ఏకత్వ పత్రంతో ఫైలంతా కొత్త ఖాతాలోకి పోయింది. ఆ ఖాతా సున్నం పేరు మీద ఉండాది. ఖాతాలో ఏ పేరుంటే అదే ప్రింటవుతాది."

"అది కుందేలు సార్!"

"మేము కాదన్నామా? కుందేలని డాక్టరు కాగితం కూడా ఫైల్లో ఉండాది."

పేరు సవరించడానికి నలభై ఐదు పనిదినాలు పడుతుందట. కాలేజీ ఐదింటికి మూస్తారు. నాగజ్యోతి బెంచీ మీద కూలబడింది. ఇన్నాళ్లూ ఆపుకున్న ఏడుపు ఇప్పుడొచ్చింది. వర్షిణి తల్లి చెయ్యి పట్టుకుని, "పోనీలేమ్మా, వచ్చే ఏడు చూద్దాం," అంది. ఆ మాటకు నాగజ్యోతికి ఒళ్లు మండిపోయింది. తనకూ ఒకప్పుడు వచ్చే ఏడనే చెప్పారు. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"సార్, సున్నమూ వర్షిణీ ఒకరేనని కాగితం తెస్తే?"

వరదరాజులు భూతద్దం కింద పెట్టాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆమె వైపు గౌరవంగా చూశాడు. "తెస్తే చెల్లుతాదమ్మా," అన్నాడు.

వర్షిణి అక్కడే ఫోను ముందు నిలబడి, చెప్పగానే రెప్ప వేసింది. ఆళ్లగడ్డలో ఇమ్మానుయేలు రాములమ్మ గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు.

"అవ్వా, ఆ పాపా ఆ కుందేలూ ఒకరేనా?"

"ఒకరేనని రాసుకోప్పా, బేగ. పాపకు సీటు పోతాది."

అతను రాసుకున్నాడు. నాలుగున్నరకు కాలేజీలో వర్షిణి కాగితాల మీద ముద్ర పడింది.

పిల్లి అని రాసిందీ కుందేలు అని రాసిందీ ఒకటేనన్న పత్రం తొమ్మిది రోజులకు వచ్చింది. అది నిజం గనక విచారించవలసి వచ్చింది. వర్షిణీ కుందేలూ ఒకరేనన్న పత్రం గంటన్నరలో వచ్చింది.