కాలు వదలని పెళ్లి చెప్పులు

పెళ్లినాటి ఉదయం బెదియాకో వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కుమాసీ ఊరి బజారులో చెప్పులు కుట్టే అగ్యేకుం దుకాణానికి వెళ్లడం, తను చేయించుకున్న నల్ల చెప్పులు తొడుక్కోవడం, తొమ్మిదింటికల్లా పెళ్లికూతురు అఫ్రాకోమా ఇంటిముందు దిగడం. లెక్కల మాస్టారు కాబట్టి దారిలో రద్దీకి పది నిమిషాలు కలుపుకున్నాడు కూడా. ప్రేమలో పడటానికి మాత్రం సమయం కేటాయించుకోలేదు.

దుకాణంలో అతని చెప్పుల పక్కనే ఇంకో జత ఉంది. నిగనిగలాడే నల్లతోలు, అరచేయంత పట్టీ, దానిమీద బంగారు రేకు తాపిన చిన్న మొసలి. కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కనిపిస్తే ఒట్టు. అఫ్రాకోమాని మొదటిసారి చూసినప్పుడు కూడా బెదియాకో ఇంతసేపు నోరు తెరుచుకుని నిలబడలేదు. అతని తప్పేం లేదు, ఆ చెప్పులు నిజంగా అంత బాగున్నాయి.

అగ్యేకుం టిఫినుకి వెళ్లాడు. కొట్లో అతని భార్య ఉంది.

"ఇవెవరివమ్మా?"

"ఎవరో పెద్దాయనవి నాయనా. పేరు మా ఆయనకే తెలుసు. ఇంకా మెరుగు పెట్టాలట, ముట్టుకోకు."

"ముట్టుకోనమ్మా. కాలు పెట్టి చూస్తానంతే."

ముట్టుకోకుండా కాలెలా పెడతాడా అని ఆమె ఆలోచించేలోపే కుడికాలు దూరింది. బిగుతుగా ఉంది. అయినా ఎడమకాలూ దూర్చాడు. అద్దంలో చూసుకుని మురిసిపోయి, తీయబోతే రాలేదు. ఆమె మడమ పట్టుకుని లాగినా రాలేదు. బయట కార్లో అతని అక్క కొనాదు హారన్ మీంచి చెయ్యి తీయడం లేదు.

"ఒరేయ్, పిల్ల నీకోసం ముసలిదైపోతోందిరా!"

"మధ్యాహ్నానికి తెచ్చిచ్చేస్తానమ్మా!" అంటూ బెదియాకో తన చెప్పుల్ని అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

పెళ్లివారి వాకిట్లో అతను కాలు కింద పెట్టగానే డప్పు వాయించేవాడి చూపు మొసలి మీద పడింది. బంగారం తాపిన చెప్పులు దొరల కాళ్లకే ఉంటాయి. వాడు ఠకీమని దొరల దరువు అందుకున్నాడు. ఆ దరువు విని అత్తలు, పిన్నులు లేచి నిలబడ్డారు. ఒకాయన గొడుగు పట్టాడు. ఇంకొకాయన అన్నిటికన్నా పెద్ద కుర్చీ చూపించాడు.

"ఏంట్రా ఇదంతా?" అంది కొనాదు.

"ఊరుకో అక్కా. మర్యాద చేస్తామంటే వద్దంటామా?" అని బెదియాకో ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఆ కుర్చీ పెళ్లికూతురి మేనమామది. ఆయన నానా అంపోఫో, ఒక ఊరికి దొర. నానా అంటే దొరగారని. మగపెళ్లివారు తెచ్చిన జిన్ను మద్యం సీసాలు ఆయన పుచ్చుకుంటేనే పిల్లనిచ్చినట్టు. పాత చెప్పులతో, చిరాకు మొహంతో వచ్చాడాయన. బెదియాకో దిగ్గున లేచాడు. దొర ముందు చెప్పులతో నిలబడకూడదు కాబట్టి వాకిట్లో అందరూ చెప్పుల్లోంచి కాళ్లు తీసి నేలమీద నిలబడి దణ్ణం పెట్టారు. బెదియాకో కూడా తీయబోయాడు. ఒంటికాలి మీద గెంతాడు, వేళ్లతో తన్నాడు, చెమటలు కక్కాడు. చెప్పులు కదల్లేదు.

దొర ఎవరితోనూ నేరుగా మాట్లాడడు. ఆయన మాట పైకి చెప్పడానికి పక్కనే నిలబడ్డ బోటెంగ్ చెవిలో ఏదో అన్నాడు.

"మా ముందు చెప్పులు వదలబుద్ధి కావడం లేదా అని నానా అడుగుతున్నారు," అన్నాడు బోటెంగ్.

"వదలాలనే ఉంది బాబాయ్, కాళ్లే వినడం లేదు."

"కాళ్లు తన మాట వినవంటున్నాడు నానా."

నానా మళ్లీ చెవిలో ఏదో అన్నాడు. బోటెంగ్ మొహం వేలాడేశాడు.

"కాళ్లే మాట వినని వాడికి పెళ్లాం ఏం వింటుందంటున్నారు. సీసాలు తిరిగి కార్లో పెట్టేయమంటున్నారు."

కొనాదు గొల్లుమంది. అప్పుడు లోపల్నుంచి అఫ్రాకోమా పట్టుబట్టలు పైకి దోపుకుని, చేతిలో ఒంటికి రాసుకునే షియా వెన్న డబ్బాతో వచ్చి అతని కాళ్ల దగ్గర చతికిలబడింది.

"నన్ను చేసుకుంటావా, వీటిని చేసుకుంటావా?"

రెండూ అనబోయి బెదియాకో నాలిక కరుచుకున్నాడు. "నిన్నే. లాగు!"

ఆమె వెన్న పూసి లాగింది. అతను వెళ్లి ముగ్గురు పిన్నుల ఒళ్లో పడ్డాడు. చెప్పులు ఆమె చేతిలోకొచ్చాయి. వాటిని చూసిన నానా బోటెంగ్‌ని పక్కకు నెట్టి, దొరతనం చేపట్టాక మొట్టమొదటిసారి, నలుగురిలో తన నోటితో తనే అరిచాడు.

"అవి నావి! మెరుగు పెట్టాలని చెప్పి ఆ అగ్యేకుం నన్నీ పాతవాటితో పంపించాడు!"

వట్టికాళ్లతో నిలబడి బెదియాకో ఉన్నమాట చెప్పేశాడు. "తప్పే నానా. కానీ అంత అందమైన చెప్పులు నా జన్మలో చూళ్లేదు. మీవని తెలీదు. తెలిసినా కాలు ఆగేది కాదేమో."

"పట్టీ చూశావా?" అన్నాడు నానా, గొంతు తగ్గించి.

"కుట్టు కనబడితేగా!"

"మరి మొసలి? గీసిచ్చింది నేనే. ఈ వయసులో మొసలేమిటని ఇంట్లో అందరూ నవ్వారు."

"తోక వంపు చూస్తే కళ్లల్లో నీళ్లు తిరిగాయి నానా," అన్నాడు బెదియాకో. నిజంగానే తిరిగాయి.

నానా గట్టిగా ముక్కు చీదాడు. "బోటెంగ్, సీసాలు దింపించు."

దొర అరికాలు నేలకు తగలకూడదు కాబట్టి ఇద్దరు ఆయన పాదాలు పట్టుకుని కొత్త చెప్పులు తొడిగారు. వెన్న పూసి ఉందేమో సర్రున దూరాయి, అక్కడే బిగుసుకుపోయాయి. బోటెంగ్ కంగారుగా డబ్బా అందుకున్నాడు.

"ఎందుకూ?" అన్నాడు నానా. "నేను ఎవరి ముందు వదలాలి?"

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. ఫొటోల్లో పెళ్లికూతురు పెళ్లికొడుకునే చూస్తోంది, పెళ్లికొడుకేమో ఆమె మేనమామ కాళ్లని చూస్తున్నాడు.