కాకి ముట్టును, పూచీ మాది

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ కాకులు తగ్గిపోయిన సంగతిని సంబంధిత అధికారులు ఇంతవరకు ధ్రువీకరించలేదు. కాకులు ఎవరికీ అర్జీ పెట్టుకోకుండా వెళ్లిపోవడమే ఈ జాప్యానికి కారణమని అనుకోవాలి. ఇటువంటి సమయంలో ప్రభుత్వం మీద భారం వేయకుండా సమస్యను తన నెత్తికెత్తుకున్న యువకుడు నరేష్. ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతున్నాడు.

నరేష్ చదివే కాలేజీ హైవే పక్కన, రెండు ఫ్యాక్టరీల నడుమ ఉంది. అక్కడ మార్కెటింగ్‌తో పాటు జీవితం కూడా బోధిస్తారు. ప్రతి విద్యార్థీ వారానికోసారి తన సొంత జీవితంలోంచి ఒక పాఠాన్నీ ఒక స్ఫూర్తినీ తీసి ఇంటర్నెట్‌లో పెట్టాలి. దానికి మార్కులున్నాయి. ఏమీ జరగని వారం విద్యార్థులు నానా అవస్థ పడతారు. నరేష్‌కు ఆ అవస్థ లేదు. ఇంట్లో పప్పు మాడితే సంక్షోభ నిర్వహణ నేర్చుకుంటాడు. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే నాయకత్వం నేర్చుకుంటాడు. తోటి విద్యార్థిని సృజన, "నువ్వు నాతోని మాట్లాడుతున్నవా, స్పీచ్ ఇస్తున్నవా?" అని అడిగి శాశ్వతంగా వెళ్లిపోయిన రోజు సాయంత్రానికల్లా "వదిలివెళ్లిన కస్టమర్ నేర్పిన పాఠాలు" రాసి కాలేజీలో మొదటి బహుమతి అందుకున్నాడు. బహుమతి ప్రదానంలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సృజనే. అది ఎగతాళి అని గుర్తుపట్టే పాఠం సిలబస్‌లో లేదు.

అంతకుముందు ఏడాది అతని తండ్రి వెంకటేశం అమీన్‌పూర్‌లో ఫ్లాట్ కొన్నాడు. కొండాపూర్ మండలంలోని సొంతూళ్లో పొలం ఉంది, ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం ఉంది, ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఇచ్చిన ఒక్కగానొక్క చెల్లెలు లక్ష్మీనరసమ్మ ఉంది. గృహప్రవేశానికి ఇంటి ఆడబిడ్డను స్వయంగా వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. నరేష్ ఈ పద్ధతిని పరిశీలించి, బొట్టుకు పట్టే సమయమూ పెట్రోలూ చూసి, ఇది గిట్టుబాటు కాదని తేల్చాడు. చుట్టాలనూ తెలిసినవాళ్లనూ ఒకే వాట్సాప్ గ్రూపులో చేర్చి ఆహ్వానం పడేశాడు. అందులో లక్ష్మీనరసమ్మ తన పేరు పాలు పోసేవాడి పేరు కింద చూసుకుంది. రాలేదు. సొంత చెల్లెలై ఉండి రాలేదని అన్నకు కోపం. సొంత అన్నై ఉండి గ్రూపులో వేశాడని చెల్లెలికి కోపం. ఇద్దరిదీ న్యాయమే కాబట్టి మాటలు ఆగిపోయాయి. నరేష్ మాత్రం "శుభకార్యాల్లో ఖర్చు తగ్గించుకోవడం ఎలా?" అనే పాఠం రాసి మార్కులు తెచ్చుకున్నాడు.

ఇద్దరినీ కన్న రాజవ్వ ఇద్దరికీ చెప్పి చూసింది. చివరికి ఫ్లాటు బాల్కనీలో కూర్చుని తన నిర్ణయం ప్రకటించింది.

"ఇగ నేను జెప్ప. సచ్చినంక జూస్త. నా పిట్ట ముట్టది. వీడు లేసి పోయి దాని చెయ్యి పట్టి తోలుకొచ్చేదాక ముట్టదు గాక ముట్టది."

చనిపోయినవాళ్లకు మూడోనాడు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, కాకి కోసం చూడటం మన దగ్గర అందరికీ తెలిసిన సంగతే. దాన్నే పిట్టకు పెట్టడం అంటారు. కాకి ముట్టిందా, పోయినవాళ్లు తృప్తిపడ్డట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు కొడుకులూ కూతుళ్లూ ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఫలానాది చేస్తామని విస్తరి ముందు మాట ఇవ్వాలి. బతికినన్నాళ్లూ ఎవరూ వినని ముసలివాళ్ల మాట ఆ పూట మాత్రం చెల్లుతుంది.

తల్లి శపథం వింటే వెంకటేశం పైకి విసుక్కునేవాడు. లోపల మాత్రం అతనికి చెల్లెలంటే ప్రాణం. చెల్లెలి కోసం వంగానంటే పరువు పోతుంది. తల్లి పిట్ట కోసం వంగానంటే పోదు. అందుకే ఆ కాకి మీద అతను చాలా ఆశ పెట్టుకున్నాడు. ఆ ఆశ తీరాలంటే ముందు తల్లి పోవాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి వెళ్లి ఆమెకు చాయ్ పెట్టి ఇచ్చేవాడు.

నరేష్‌కు అసలైన స్ఫూర్తి ఆ వేసవిలో సొంతూళ్లో లభించింది. దూరపు చుట్టం సంగయ్య పోతే, మూడోనాడు పిట్టకు పెట్టారు. కోడికూర, గారెలు, కల్లు, బీడీకట్ట అన్నీ పెట్టారు. కాకి లేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. పెద్ద కొడుకు తాగుడు మానేస్తానన్నాడు. కాకి లేదు. ఊరి పెద్దమనిషి పెద్దరాములు గొంతు సవరించుకుని, "అసలు సంగతి అది గాదు. మీ అవ్వ ఎవల తాన ఉంటదో జెప్పుండ్రి," అన్నాడు. తల్లిని ఎవరు సాకాలో తేల్చుకోని కొడుకులిద్దరూ నేల చూశారు. చాలాసేపటికి చిన్నోడు, "నా తాన్నే ఉంటది," అని ఏడ్చేశాడు. ఏ ఊరి నుంచో ఒక కాకి వచ్చి వాలింది. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నరేష్ కూడా చలించిపోయాడు. సేవ అందడానికి ఇంత ఆలస్యమా, పైగా కస్టమర్ మీద ఇన్ని అదనపు షరతులా అని బాధపడ్డాడు.

పరిష్కారం ఫ్యాక్టరీ గేటు ముందే దొరికింది. అక్కడ మిర్చి బండి పెట్టుకున్న ఐలన్న, గూట్లోంచి పడిన కాకిపిల్లను తెచ్చి సాకాడు. అది ఈల వేస్తే వచ్చి వాలుతుంది. శాకాహారమని, మాంసాహారమని తేడా చూపదు. నరేష్ దాన్ని ముఖ్య కార్యనిర్వాహకురాలిగానూ, ఐలన్నను దాని సహాయకుడిగానూ నియమించి సంస్థను ప్రారంభించాడు. "కాకి ముట్టును, పూచీ మాది" అని బోర్డు రాయించాడు. పంజరానికి నల్లగుడ్డ కప్పి చెట్టు చాటున నిలబడటం, విస్తరి సర్దగానే ఈల వేయడం, ఇంతే పని.

సంస్థ చేసిన సామాజిక సేవ చిన్నది కాదు. ఆ తర్వాత పటాన్‌చెరు, సంగారెడ్డి చుట్టుపక్కల పోయినవారందరూ పరమ తృప్తితో పోయారు. తాగుడు మానాల్సిన కొడుకు మానకుండానే తండ్రి తృప్తిపడ్డాడు. ఇంట్లోంచి వెళ్లగొట్టిన కోడలిని తిరిగి పిలవకుండానే అత్త తృప్తిపడింది. జనం మధ్యాహ్నం షిఫ్టుకు టైముకు అందుకున్నారు. ఫ్యాక్టరీల యాజమాన్యాలు కూడా హర్షం వెలిబుచ్చాయి.

కాలేజీలో సన్మానం జరిగింది. డైరెక్టర్ గారు శాలువా కప్పి, ఐలన్న తెచ్చిన పంజరానికి కూడా ఒక చిన్న శాలువా కప్పి, ఇలా ప్రసంగించారు: "పూర్వం పితృదేవతల తృప్తి అనేది ఎవరి చేతుల్లోనూ లేదు. ఎప్పుడు కలుగుతుందో తెలియదు, ఏమి ఇస్తే కలుగుతుందో తెలియదు. మన నరేష్ ఆ అనిశ్చితిని తొలగించాడు. రేపు ఈ దేశంలో ఏ ఆత్మ కూడా క్యూలో నిలబడదని సవినయంగా మనవి చేస్తున్నాను." చప్పట్లకు కాకి బెదిరింది.

వార్త రాజవ్వకు చేరింది. అప్పటికి ఆమె మంచం పట్టింది. మనవడిని దగ్గరికి పిలిచింది.

"నరేషూ, నాకు నీ కాకి వద్దు బిడ్డా."

"ఎందుకు నాయినమ్మా? మనింటోళ్లకు ఫ్రీ."

"ఫ్రీ అయితే నేనేం జేసుకోవాల్రా? మీ నాయిన మొండోడు. మీ అత్త వాని కంటె మొండిది. ఇద్దర్ని కలిపెటందుకు నాకు గా ఒక్క విస్తరే ఉన్నది. దాన్ని గూడ గుంజుకోకు."

"సరే నాయినమ్మా, జూద్దాం," అన్నాడు నరేష్. కస్టమర్‌తో వాదించరాదని అతను ఎప్పుడో నేర్చుకున్నాడు.

రాజవ్వ పోయింది. దహనానికి లక్ష్మీనరసమ్మ వచ్చి, తల్లి మీద పడి ఏడ్చి, అన్న ఇంటి మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయింది. మూడోనాడు పొద్దున ఊరికి వెళుతూ కారులో వెంకటేశం కొడుకుతో అన్నాడు: "ఇయ్యాల పిట్ట ముట్టకపోతే నేనే బోయి చెల్లెను పిలుస్త రా. తప్పదు గద." నరేష్‌కు ఆ గొంతులో భయం వినిపించింది. ఆశ వినిపించి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

పొలంలో విస్తరి పెట్టారు. చేపల పులుసు, సర్వపిండి, రాజవ్వకు ఇష్టమైన పండుమిరపకాయ తొక్కు. లక్ష్మీనరసమ్మ వచ్చింది గానీ అవతలి పొలం గెట్టు మీద, అత్తగారి తరఫు వాళ్లతో నిలబడింది. ఆకాశంలో ఒక్క కాకి లేదు. రాజవ్వ శపథం అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ తొందరపడలేదు. పెద్దరాములు చెట్టు నీడన తీరిగ్గా చుట్ట ముట్టించుకున్నాడు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాకి రాకుండా ఉండటం కోసం ఊరు ఊరంతా అంత ఓపిగ్గా ఎదురుచూడటం అదే మొదటిసారి.

ఇబ్బందల్లా నరేష్‌దే. పరామర్శకని కాలేజీ నుంచి డైరెక్టర్ గారు వచ్చారు. వెంట, సంస్థలో పెట్టుబడి పెట్టే ఆలోచనలో ఉన్న పెద్దమనిషిని తీసుకొచ్చారు. ఆయన గడియారం చూసుకుని, "ఇది మీ సొంత ఇంటి పనే కదా, ఇంత ఆలస్యమా?" అన్నాడు.

విస్తరి ముందు పెద్దరాములు నోరు విప్పాడు. "వెంకటేశం, మీ అవ్వ ఎందుకు ముడతలేదో నీకెర్కే గద."

"ఎర్కే కాకా," అన్నాడు వెంకటేశం. తల వంచుకుని గెట్టు వైపు నడిచాడు. అవతల లక్ష్మీనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న వస్తుంటే ఆమె కూడా తెలియకుండానే ఓ అడుగు ముందుకు వేసింది. వెంకటేశం చెయ్యి చాపుతూ, "చెల్లే..." అన్నాడు.

నరేష్ తుమ్మచెట్టు దగ్గరికి వెళ్లి, దాని చాటున పంజరంతో నిలబడ్డ ఐలన్నకు సైగ చేశాడు.

"జెర ఆగు నరేషూ," అన్నాడు ఐలన్న, కళ్లు గెట్టు మీదే పెట్టి.

"ఆగుడేంది అన్నా, పరువు పోతది. ఈల ఎయ్యి!"

ఐలన్న వేశాడు. కాకి నేరుగా వచ్చి వాలి, చేపముక్క అందుకుని, తొక్కు కూడా రుచి చూసింది. "ముట్టింది! ముట్టింది!" అని పిల్లలు అరిచారు. డైరెక్టర్ గారు చప్పట్లు కొట్టబోయి, సందర్భం గుర్తొచ్చి చేతులు జోడించారు.

వెంకటేశం చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తల్లి తృప్తిపడింది. ఊరంతా చూసింది. ఇక తను ఏ కారణం చెప్పి గెట్టు దాటాలో అతనికి తోచలేదు. ఆ చేత్తో మొహం తుడుచుకున్నాడు. లక్ష్మీనరసమ్మ ఒక్క క్షణం ఆగింది. "అవ్వకు ఇంకేం కోరిక లేనట్టుంది," అని వెనక్కి తిరిగి, ఆటో ఆగి ఉన్న బాట వైపు నడిచింది. పెద్దరాములు చుట్ట నేలకేసి నలిపి, "ఇగ లేవుండ్రి, బువ్వ తిందాం," అన్నాడు.

సాయంత్రం నరేష్ "మా నాయినమ్మ నేర్పిన పాఠం: ఆఖరి కస్టమర్ కూడా మనవాళ్లే కావచ్చు" అని రాశాడు. వేలమంది కన్నీళ్లు పెట్టుకున్న బొమ్మలు పంపారు. పెట్టుబడి ఖాయమైంది.

మర్నాటి నుంచి ఫోన్లు ఆగలేదు. ముందస్తుగా పేర్లు రాయించుకున్నవాళ్లలో చాలామంది తల్లిదండ్రులు నిక్షేపంగా బతికే ఉన్నారు. ఫోన్లో వెనకాల వాళ్ల దగ్గు కూడా వినిపించింది. ఆ ముసలివాళ్ల కోరికేమిటో ఫోన్ చేసినవాళ్లు ఎవరూ చెప్పలేదు, నరేష్ ఎవరినీ అడగలేదు. కాకి ఎంతసేపట్లో ముడుతుందని మాత్రం అందరూ అడిగారు. మీరూ అదే అడగబోతున్నారు కాబట్టి ముందే చెబుతున్నాం: విస్తరి పెట్టిన వెంటనే ముడుతుంది. మీరు ఏ మాటా ఇవ్వనక్కర్లేదు.