ఖాళీ పెట్టె దాహం

పోతులయ్య ఆ పొద్దు వేసుకున్న పథకం చిన్నదే. పెనుకొండలో తొమ్మిది గంటల బస్సెక్కి, ధర్మవరంలో మేనకోడలు చాముండేశ్వరి మగ్గాల కొట్టంలో కరెంటు దాచే పెట్టె ఒకటి తగిలించి, టీ తాగి రావాలి. హిందూపురం ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కరెంటు పని చేసి దిగిపోయాక, నాలుగు నెలల కింద భార్య కూడా పోయాక, ఆయన్ని పిలిచే ఇల్లు అదొక్కటే. ఈ పని చెడితే అదీ మిగలదు.

ఆ కొట్టంలో నాలుగు మగ్గాల మీదా పూలెత్తే కంప్యూటర్ జకార్డులున్నాయి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే అర సెకనులో అవి లెక్క మరిచి, పువ్వును మళ్లీ మొదటి వరస నుంచి ఎత్తుతాయి. ముందు చాముండేశ్వరి మగ్గానికి ఆ అర సెకను కరెంటు దాచిపెట్టాలి. రెండు కెపాసిటర్లు చాలని లెక్క తేలింది. పోతులయ్య మూడు వేశాడు. ఎవరైనా వస్తారేమోనని బియ్యంలో పిడికెడు ఎక్కువ పోయడం భార్య అలవాటు. ఎవరూ రాని ఇంట్లో అది ఆయన చేతికి అంటుకుంది.

నడిచే మగ్గాలను ఆపడమెందుకని, కరెంటున్న లైన్లోనే ప్లగ్గు పెట్టాడు. నాలుగింటికీ లైను ఒకటే. ఖాళీ కెపాసిటర్లు ఎండాకాలం గొర్రెల మందలా ఒక్కసారిగా దాని మీద పడ్డాయి. పక్క మగ్గాల దీపాలు ఆరి వెలిగాయి.

"నా నెమలికి మెడ మీద కాళ్లు మొలిచినాయి కదప్పా," అన్నాడు పక్క మగ్గం గోపాల్, నేసిన అంచు చూసుకుంటూ. "పద్మా, మిక్సీ ఏమన్నా ఏసినావా?"

"మగ్గం గుంతలో కూచోనుండా. ఈడ మిక్సీ యాడుండాదన్నా?" అంది పద్మ.

"కరెంటు సాల్లేదు. ఇంగా దాయల్ల," అని పోతులయ్య ఇంకో మూడు అతికించాడు. అతికిస్తూ మాట్లాడాడు. ఫ్యాక్టరీ బాయిలరు, మోకాలి నొప్పి, భార్య నూరే శనక్కాయల ఊరుబిండి పచ్చడి, నాలుగు నెలల మాటలు ఒకదాని మీదొకటి. పెద్దాయన చెబుతుంటే నేయడం బాగుండదని అందరూ చేతులు ఆపారు. మళ్లీ ప్లగ్గు పెట్టాడు. నేత మళ్లీ మొదలుపెట్టేసరికి ఈసారి పద్మ నెమలికీ కాళ్లొచ్చాయి. తొమ్మిది చేసి పెట్టాడు. నాలుగో మగ్గం నెమలీ అంతే.

చాముండేశ్వరి మగ్గం గుంతలోంచి లేచి వచ్చింది. "మామా, నువ్వు పెంచేకొద్దీ చెడిపోతాండాది. ఆకలిగా ఉన్నోన్ని ఒక్కసారే బంతిలో కూచోబెడితే పక్కోళ్ల ఆకులు గూడా మిగల్తాయా?"

పోతులయ్య ప్లగ్గు తీసేశాడు. ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు ముప్పై ఏళ్లు తాను చెప్పిన సంగతే అది. ఏడు కెపాసిటర్లు పీకేసి, రెండే ఉంచి, కరెంటు లోపలికొచ్చే దారిలో దాని జోరు తగ్గించే చిన్న రెసిస్టర్ పెట్టాడు. అది కాస్త వేడెక్కింది. పెట్టె నిదానంగా నిండింది. ఏ దీపమూ అదరలేదు. మెయిన్ ఆపి చూశారు. చాముండేశ్వరి నెమలి మెడ తిన్నగా వచ్చింది.

పని అయిపోయింది. ఇక పిలవడానికి కారణమే లేదు. పోతులయ్య సంచి సర్దుకున్నాడు.

"రేపు ఎన్ని గంటలకొస్తావు?" అంది చాముండేశ్వరి.

"పెట్టె బాగుండాది కదమ్మా."

"పెట్టె సంగతి కాదు. నాలుగు నెలలు ఖాళీగా ఉండి, వచ్చినదినం ఒక్కసారే మీద పడ్తాండావు. మగ్గాలన్నీ నిలిచిపోతాండాయి. దినామూ వచ్చి కొంచెం కొంచెం మాట్లాడు, మామా."

మరునాడు పోతులయ్య వచ్చి, టీ అయ్యేదాకా నాలుగు మాటలే మాట్లాడి లేచాడు. ఆ చిన్న రెసిస్టర్‌లా కాస్త వేడెక్కాడు గానీ, ఏ మగ్గమూ ఆగలేదు.