ఊదారంగు ఆవు

"రంగులేసే పిల్లలకి వేళ్ల పట్టు కుదురుతుంది. చూపు నిలుస్తుంది. ఊహ పెరుగుతుంది. అందుచేత వచ్చే శుక్రవారం కోనసీమ అంతటా రంగుల పండుగ!" అని మంత్రిగారు అమలాపురంలో ప్రకటించేరు. అందులో ఒక్క మాటా తప్పు లేదు. ఆయన ముందుచూపుకి నేను ముగ్ధుణ్ణయ్యేను.

ప్రారంభోత్సవానికి ఉప్పలగుప్తం దగ్గరున్న మా బడిని ఎన్నుకున్నారు. ముందురోజు ఎంఈవో దుర్గాదేవిగారు వచ్చి, ఒకటో తరగతి బయటి గోడ చూసి ఉలిక్కిపడ్డారు.

"ఏంటండి మాస్టారూ, గోడంతా ఈ పిచ్చిగీతలు?"

"పిల్లలు రంగులేసుకున్నారండి. రెబెకా టీచరు వేయించేరు."

"ఆవు ఊదారంగులో ఉంటుందాండీ?"

"ఒకటో తరగతి శారోను వేసిందండి. ఆవుకి చలేస్తోందట."

"ఆ టీచర్ని పిలవండి. సంజాయిషీ తీసుకోవాలి."

"మొన్న ఈస్టరు ముందు పోయేరండి."

దుర్గాదేవిగారు ఒక్క క్షణం తల వంచుకున్నారు. తర్వాత కాంట్రాక్టరు మాణిక్యాలరావుగారికి ఫోను చేసి, గోడకి రెండు కోటింగులు సున్నం వేయమన్నారు. రంగుల పండుగకి గోడ శుభ్రంగా ఉండాలి కదా.

ఆ ఒక్క గోడా వదిలేయమన్నాను.

"మీకెందుకండి అంత పట్టింపు?"

"ఆవిడ నా భార్యండి."

"అయ్యో! ముందే చెప్పొద్దా? అయితే ఒక్క కోటింగే వేయిస్తానండి," అన్నారు. ఆవిడది జాలిగుండె.

శుక్రవారం పిల్లలకి క్రేయాన్లు పంచేరు. మధ్యాహ్నం అవే పెట్టెలు కొత్తపేట వెళ్లాలి కాబట్టి అరగకూడదన్నారు. పిల్లలు తప్పులు చేస్తారేమోనని, బొమ్మలకి ఆఫీసులోనే రంగులు నింపి తెచ్చేరు. మా పిల్లలు క్రేయాన్లు కాగితానికి ఆనించకుండా పట్టుకుని, చక్కగా ఫొటోలు దిగేరు.

తెల్లటి గోడ ముందు నిలబడి మంత్రిగారు మైకు అందుకోగానే వాన దిగింది. గొడుగులన్నీ ఆయన మీదికి వెళ్లేయి. గోడ తడిసింది. తడిసినకొద్దీ సున్నం కిందనుంచి ఒక్కొక్కటే పైకొచ్చింది. పచ్చ సూర్యుడు, ఎర్ర పడవ, మంత్రిగారి తల వెనక ఊదారంగు ఆవు.

"మాస్టారండీ, ఆవొచ్చేసింది!" అని అరిచింది శారోను.

దుర్గాదేవిగారి ముఖం పాలిపోయింది. మంత్రిగారు వెనక్కి తిరిగి చూసేరు.

"చూసేరా? పథకం ఇంకా మొదలెట్టనేలేదు, అప్పుడే ఫలితాలు!"

చప్పట్లు మోగేయి. గోడ పని చేసిన మాణిక్యాలరావుగారికి శాలువా కప్పేరు. ఎండ రాగానే గోడ మళ్లీ తెల్లబడింది.

సోమవారం మాణిక్యాలరావుగారు బకెట్టుతో వచ్చేరు. "మేడంగారు ఇంకో కోటింగు వేయమన్నారండి."

నేను చేతులు జోడించేను. "సున్నం మొన్నటిలాగే కలపండి బాబూ."

ఆయన నొచ్చుకున్నారు. "అదేం మాటండీ మాస్టారూ! మా నాన్నగారి నాటినుంచీ ఇలాగే కలుపుతున్నాం. మా పని మీద ఆ మాత్రం నమ్మకం లేదాండీ?"

"ఆయ్, ఉందండి," అన్నాను.

సముద్రం వైపు మళ్లీ మబ్బు పడుతోంది.