ముత్తెం మెడలో బిళ్ళ లేదు

ఆ సెలవు రోజు పొద్దున విఠల్‌రావు పెట్టుకున్న పని ఒక్కటే. చాయ్ తాగి, అరుగు మీద కూర్చుని, మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా ఉండటం. వారమంతా బళ్ళో సైన్సు పాఠాలు చెప్పి చెప్పి ఆయన గొంతు బొంగురుపోయింది. హైదరాబాదు హుస్సేనీ ఆలంలో కాపురం ఉంటూ ఒక పూట మౌనంగా గడపాలనుకోవడం అత్యాశ అని ఇన్నేళ్ళయినా ఆయనకు తెలిసిరాలేదు.

చాయ్ చల్లారకముందే పక్కింటి కొండల్ పాలచెంబుతో వచ్చి నిలబడ్డాడు. కొండల్‌ది పాల వ్యాపారం, కొట్టంలో పది బర్రెలు. చెంబులో పాలు మాత్రం అడుగుకు అంటుకుని ఉన్నాయి.

"ఏంది కొండల్, గిన్నేనా?"

"బర్లు ఇస్తలేవు సారు. అయినా ఫికర్ లేదు. పత్తర్‌గట్టిల పురుషోత్తం ప్రొఫెసర్ సాబ్ ఎలక్ట్రిక్ బిళ్ళలు అమ్ముతున్నడు. బర్రె మెడల కడితే పాలు మస్తుగ దూకుతయట."

"బర్రె మెడల కరెంటు ఏం చేస్తది?"

"నాకేం ఎరుక సారు? మన గల్లీకే ఇంకా కరెంటు రాకపాయె." కొండల్ తల గోక్కున్నాడు. "బిళ్ళలు పిరం ఉన్నయి. అందుకే ముత్తేన్ని అమ్ముతున్న."

విఠల్‌రావు చాయ్ కప్పు కింద పెట్టేశాడు. ముత్తెం ఆ కొట్టంలో అన్నిటికంటే ముసలి బర్రె. కొండల్ భార్య బుచ్చమ్మకు పెండ్లిలో పుట్టింటివాళ్ళు అరణంగా ఇచ్చిన దూడ అది. విఠల్‌రావు సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ప్రహరీ మీదుగా తల పెట్టి బుస్సుమనేది. నుదురు గోకితే గాని ఆయన్ను లోపలికి పోనిచ్చేది కాదు. ఆయనకు పిల్లలు లేరు. పొద్దుగూకే వేళకు తనకోసం ఎదురుచూసే ప్రాణి ఒకటుందనే సంతోషం ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

"ఆగు కొండల్. ఆ బిళ్ళ పనిచేస్తదో లేదో పరీక్ష పెడదం. పనిచేస్తే నేను అడ్డం రాను. పనిచేయకపోతే ముత్తెం జోలికి పోవద్దు. మాటేనా?"

"మాటే సారు."

కొండల్ కబురు పెడితే సాయంత్రానికి పురుషోత్తం స్వయంగా వచ్చాడు. షేర్వానీ, కళ్ళజోడు, చేతిలో మఖమల్ డబ్బా. డబ్బాలో నిజాం సర్కారు హాలీ రూపాయంత రాగి బిళ్ళలు తళతళలాడుతున్నాయి. ఆయన ఏ కాలేజీలో ప్రొఫెసరో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"గాలిల ఎలక్ట్రిసిటీ ఉంటది, బర్రె పొదుగుల మాగ్నెటిజం ఉంటది. నడుమ రాగి పెడితే పాలు గుంజుకొస్తయి. జర్మనీవాళ్ళ సైన్సు సార్ ఇది," అన్నాడు.

"మరి దున్నకు కడితే?"

"బలమొస్తది."

"దూడకు కడితే?"

"బుద్ధొస్తది."

ఏ తాళానికైనా పట్టే తాళంచెవి మీద దొంగలకు తప్ప నమ్మకం ఉండకూడదని విఠల్‌రావు మనసులో అనుకున్నాడు. పైకి మర్యాదగానే మూడు వారాల పరీక్ష వివరించాడు. చింతగింజలు వేసి బర్రెలను రెండు జట్లుగా విడదీస్తాడు. అన్నిటి మెడలోనూ గుడ్డసంచి కడతాడు. ఒక జట్టు సంచుల్లో బిళ్ళ, రెండో జట్టు సంచుల్లో గులకరాయి. ఏ సంచిలో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

"గుడ్డల కరెంటు ఆగిపోతది సార్," అన్నాడు పురుషోత్తం వెంటనే. "బిళ్ళ బర్రె తోలుకు తగలాలె."

విఠల్‌రావు కాసేపు వాదించి, గొంతు నొప్పి పెట్టడంతో సరే అన్నాడు. మునిగింది అక్కడే. సగం బర్రెలు పురుషోత్తం అరువిచ్చిన రాగి బిళ్ళలు మెడలో వేసుకుని పెండ్లికూతుళ్ళలా తయారయ్యాయి. మిగతా సగం ఉత్త తాళ్ళతో బిక్కమొహాలు వేశాయి. ముత్తెం బిళ్ళ లేని జట్టులో పడింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే విఠల్‌రావు శేరు గిన్నె పట్టుకుని పాలు కొలిచి, కొట్టం గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాడు. బస్తీలోని పాలవాళ్ళంతా వచ్చి ఆ గోడను చూసి పోయేవాళ్ళు. కొలత అయ్యాక ముత్తెం మెడ చాచేది. ఆయన జేబులోంచి గుప్పెడు నానబెట్టిన శనగలు తీసి పెట్టేవాడు. గుప్పెడు శనగలు శాస్త్రాన్ని ఏం చేస్తాయని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. గుప్పెడు కాస్తా దోసెడయింది. శాస్త్రం కిమ్మనలేదు.

చివరి రోజు లెక్క చూస్తే విఠల్‌రావుకు మతి పోయింది. బిళ్ళ ఉన్నవాటికి పాలు పెరిగాయి. బిళ్ళ లేనివాటికీ పెరిగాయి. అన్నిటికంటే ఎక్కువ పెరిగింది ముత్తేనికి.

"చూసిన్రా సార్!" లెక్క చూడటానికి వచ్చిన పురుషోత్తం చేతులు చాచాడు. "కరెంటు పక్క బర్లకు పాకింది!"

"పాలు పెరగకపోతే ఏమనేటోళ్ళు?"

"పక్క బర్లు కరెంటును గుంజుకున్నయనేటోణ్ణి."

"మరి ఏమైతే మీ బిళ్ళ పనిచేయలేదని ఒప్పుకుంటరు?"

పురుషోత్తం జాలిగా నవ్వాడు. "పనిచేయకపోవుడు అన్నది ఈ సైన్సులనే లేదు సార్."

విఠల్‌రావుకు సరైన జవాబు నోటిదాకా వచ్చింది. అంతలో కొట్టంలోంచి బుచ్చమ్మ కేక వినిపించింది. "ఓ సారూ! ముత్తెం పడిపోయింది!"

అందరూ పరుగెత్తారు. ముత్తెం నేల మీద పక్కకు ఒరిగి ఉంది. పొట్ట డప్పులా ఉబ్బి, ఊపిరి తీయడానికి అవస్థ పడుతోంది. విఠల్‌రావు దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ధోవతికి పేడ అంటినా చూసుకోలేదు. కొండల్ టాంగా కట్టించుకుని మలక్‌పేట పోయి పశువుల డాక్టర్ రామానుజాన్ని తీసుకొచ్చాడు.

డాక్టర్ పొట్ట మీద తట్టి చూశాడు. "ఏం పెట్టిన్రు దీనికి?"

"ఎండుగడ్డి," అన్నాడు కొండల్. "దాణా బంద్ చేసి శాన దినాలయింది. బిళ్ళలకు పైసలు జమ చేస్తున్న."

"ఎండుగడ్డికి గిట్ల ఉబ్బదు. గింజలకు ఒక మందు, పచ్చిమేతకు ఒక మందు. నిజం చెప్పకుంటే నేను మందియ్య. బర్రె పోతది."

బుచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నేనే పెట్టిన సారు. బిళ్ళ లేని బర్లను చూస్తే పానం ఉసూరుమన్నది. మా అవ్వగారింటి బర్రెకేం తక్కువని రోజుకింత జొన్న సంకటి పెట్టిన."

ప్రహరీ అవతలి నుంచి విఠల్‌రావు భార్య రంగనాయకి గొంతు సవరించుకుంది. "నేను కుడితిల తౌడు కలిపి పోసిన డాక్టర్‌గారూ. మా ఆయన ఓడిపోతే బళ్ళె పిల్లలు నవ్వుతరని. బిళ్ళ లేనివాటికే పోసిన, ముత్తేనికి జర ఎక్కువ."

డాక్టర్ కొండల్ వైపు తిరిగాడు. కొండల్ తల వంచుకున్నాడు. "బిళ్ళ గెలవాలని బిళ్ళ ఉన్నవాటికి పత్తిగింజలు పెట్టిన. గని దీన్ని అమ్ముతున్ననని మనసుల గుబులయి, దీనికి బెల్లం పెట్టిన. రోజూ."

"నువ్వా?" అంది బుచ్చమ్మ. ముత్తేన్ని అమ్ముతానన్నప్పటి నుంచి, మూడు వారాల్లో మొదటిసారి ఆమె భర్త మొహంలోకి చూసింది.

పురుషోత్తం మెల్లగా గుమ్మం వైపు జరుగుతున్నాడు. డాక్టర్ చూపు తగలగానే ఆగిపోయాడు. "బిళ్ళలు చూడనీకి వచ్చినప్పుడల్లా నేనూ బిళ్ళ ఉన్నవాటికే పల్లిపిండి పెట్టిన. జర్మనీ సైన్సుకు జర హైదరాబాదు మదద్. ఈ ముసల్ది షేర్వానీ పట్టుకుని గుంజితే దీనికీ పెట్టక తప్పలే."

ఇక మిగిలింది ఒక్కరు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. పరీక్ష పెట్టినవాడు, కొలత కొలిచినవాడు, గోడ మీద గీతలు గీసినవాడు. విఠల్‌రావుకు తన జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

"శనగలు," అన్నాడు. "దోసెడు."

డాక్టర్ రామానుజం పెట్టె తెరుస్తూ అన్నాడు. "దీన్ని పరీక్ష అంటరా మాస్టర్‌సాబ్? పెండ్లి విందు గాదూ? తిండి పెడితే ఏ బర్రె అయినా పాలిస్తది."

మందు పోశారు. బర్రెను లేపి నిలబెట్టారు. అయిదుగురూ తలో పక్క చేరి, శాస్త్రమూ బిళ్ళా మరిచిపోయి, దాని పొట్ట రుద్దారు. ఎండ నెత్తి మీదికి వచ్చే వేళకు ముత్తెం మెడ చాచి, హుస్సేనీ ఆలం అంతా వినబడేట్టు త్రేన్చింది. రంగనాయకి దండం పెట్టింది. కొండల్ దాని మెడ మీద మొహం ఆనించి, "నిన్ను అమ్మనే, అమ్మనే," అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. విఠల్‌రావు కళ్ళు కూడా తడిశాయి. ఎండ అన్నాడు గాని ఎవరూ నమ్మలేదు.

ఆ వారంలోనే పురుషోత్తం దుకాణం మీద కొత్త బోర్డు వెలిసింది. బర్రెలకు ఉబ్బు రాకుండా కాపాడే బిళ్ళ. హుస్సేనీ ఆలంలో పెద్ద సైన్సు మాస్టర్ స్వయంగా పరీక్షించినది. బిళ్ళ కట్టిన ఒక్క బర్రెకూ ఉబ్బు రాలేదు.

విఠల్‌రావు ఆ బోర్డు చదివి మండిపడుతూ ఇంటికొచ్చాడు. ప్రహరీ అవతల కొండల్ ముత్తెం మెడకు బిళ్ళ కడుతున్నాడు.

"ఏంది కొండల్ ఇది? ఇంత లొల్లి అయినంక కూడ?"

"అన్నిటికీ కొనలే సారు. అన్నిటికీ దాణా తెచ్చిన. ఇది దీనికొక్కదానికే."

"అది పనిచేయదని చూస్తివి గద!"

"చూసిన సారు." కొండల్ ముడి వేసి వెనక్కి జరిగాడు. "పనిచేయకపోతే పాయె. ఒకవేళ చేసేదైతే, దీనికి లేకుండ ఎట్ల?"

ముత్తెం ప్రహరీ మీదుగా తల పెట్టి బుస్సుమంది. విఠల్‌రావు చెప్పదలచుకున్న పాఠమంతా మింగి, తాడు కింద వేలు పెట్టి చూసి, గొంతుకు బిగుసుకోకుండా కాస్త వదులు చేశాడు. శాస్త్రం తరఫున ఆ పూట ఆయన చేయగలిగింది అదొక్కటే.