మంగళం విన్న కోతులు

కరోల్ తుఫాను దీవిని ఊపేసి వెళ్ళిన మూడో శనివారం పొద్దున్నే రత్నమ్మ అవ్వ ఇంటి పనులన్నీ పంచేసింది. సాయంత్రం తమ ఇంట్లో రామభజన. కొడుకు ఎంకన్న ఉపవాసం ఉండి దీపస్తంభం తోమాలి. మనవరాలు సుందరి అరటిగెల కడిగి పళ్ళు పళ్ళేల్లో సర్దాలి. "గెల జాగ్రత్త పిల్లా. గుడ్‌ల్యాండ్స్ బజారంతా వెతికితే ఇదొక్కటే దొరికింది," అంది అవ్వ.

సుందరి తలూపింది. మనుషుల ముందు ఆమె చేసేది ఎప్పుడూ అంతే. గొంతు విప్పాలంటే ఆమెకు పెరటి వెనక చెరుకు తోట అంచు కావాలి. గాలికి కొండ మీది పళ్ళచెట్లన్నీ నేలకూలడంతో ఆకలిగొన్న కోతులు అక్కడిదాకా దిగివచ్చాయి. రోజూ పొద్దున్నే ఆమె ఇంట్లో ఉన్న భజన తాళాలు తీసుకెళ్ళి మోగిస్తే అవి వచ్చి కూర్చునేవి. ఉన్నది పెట్టి, చివర మంగళం పాడి, ఖాళీ చేతులు చూపిస్తే లేచి వెళ్ళిపోయేవి.

ఆ పొద్దున పెట్టడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు. పిల్లను చంకనేసుకున్న తల్లి కోతికి పక్కటెముకలు తేలి ఉన్నాయి. గెలలో రెండు అత్తాలు తగ్గితే దేవుడేమీ అనుకోడని సుందరి నిశ్చయంగా తీర్మానించింది.

దేవుడు అనుకోలేదు. అవ్వ అనుకుంది.

"ఎంకన్నా! ఉపవాసమని చెప్పి పళ్ళు మింగావా?"

"నేనా? మంచినీళ్ళు కూడా ముట్టలేదమ్మా!"

"మరి పెరట్లో ఆ తొక్కలేమిటి?"

ఎంకన్న వెళ్ళి చూశాడు. తొక్కల పక్కనే బురదలో చిన్నచిన్న చేతి గుర్తులు. "జాకో! అమ్మా, ఇది జాకోల పని!" అని కోతుల్ని తిట్టుకుంటూ, ఆ మంట మీదే సైకిలెక్కి వేటగాడు పియర్ ఇంటికి వెళ్ళాడు. "సాయంత్రం కుక్కల్ని తీసుకురా. ఒక్కటి మిగలకూడదు."

తండ్రి తిరిగొచ్చి చెప్పిన ఆ మాట సుందరి చెవిన పడింది. నిజం చెప్పేద్దామని తండ్రి దగ్గరికి వెళ్ళడం, ఊరికే చెంబు పట్టుకుని తిరిగి రావడం, మధ్యాహ్నమంతా ఇదే.

సాయంత్రం భజన గురువు కొండయ్య తాత దీపం వెలిగించాడు. జనం చుట్టూ తిరుగుతూ పాట అందుకున్నారు. తాళాలు మోగాయి. తోటలో చెరుకు కదిలింది. తల్లి కోతి దర్జాగా వాకిట్లోకి వచ్చింది.

"హనుమంతుడు!" అవ్వ చేతులు జోడించింది.

"ఒక్కడే కాదు రత్నమ్మా, కుటుంబంతో వచ్చాడు," అంటూ కొండయ్య తాత ఆనందం పట్టలేక తాళాలు ఇంకా గట్టిగా వాయించాడు. ఇంకో గుంపు దిగింది. ఒకటి శనగల పళ్ళెంలో కూర్చుంది. ఒకటి తాత తలపాగా లాక్కుంది.

"తాతా, తాళాలు ఆపు!" అరిచాడు ఎంకన్న.

"దీపం వెలిగాక మధ్యలో ఎలా ఆపుతాన్రా? ఇంకా సగం పాటలున్నాయి!"

అప్పుడే పియర్ వచ్చాడు. కుక్కలు గొలుసులు తెంపుకునేలా ఉన్నాయి.

"వదలమంటావా?"

"వదులు!" అన్నాడు ఎంకన్న.

"ఆయో మామా! దేవుడి మీదికి కుక్కలా? వదిలితే ఊరుకోను!" అంది అవ్వ.

"ఎవరి మాట వినమంటారు మరి?" అని విసుక్కుంటూ పియర్ గొలుసుల కొక్కెం మీద వేలు పెట్టాడు.

సుందరి కళ్ళు మూసుకుని మంగళం ఎత్తుకుంది. తోట అంచున పాడినంత గొంతుతో. దీపం చుట్టూ కాళ్ళు ఆగిపోయాయి. కోతులు తలలు తిప్పాయి. చివరి చరణంలో ఆమె రెండు చేతులూ చాచి ఖాళీగా చూపించింది. తల్లి కోతి ఆ చేతుల్ని పరీక్షగా చూసి, పిల్లను సర్దుకుని నడిచింది. మిగతావి దాని వెనకే చెరుకులో కలిసిపోయాయి.

కొండయ్య తాత కళ్ళు తుడుచుకున్నాడు. "చూశారా, మంగళం అయ్యేదాకా ఉండి మరీ వెళ్ళాయి. మనలో సగం మంది ముందే లేచిపోతారు."

ఎంకన్న గొంతు సవరించుకున్నాడు. "ఊరికే వస్తాయా? పొద్దుట్నుంచీ నేనున్న ఉపవాసం! పియర్, ఆ కుక్కల్ని ఇంక ఈ వైపు తేకు."

ఇకనుంచి ప్రతి శనివారం కోతులకు వేరే పళ్ళెం పెట్టాలని, మంగళం సుందరే పాడాలని అవ్వ తీర్పు చెప్పింది. నిజం చెప్పడానికి సుందరి నోరు తెరిచింది. మళ్ళీ పాడుతుందనుకుని అందరూ చేతులు జోడించేసరికి మూసేసింది.

కోతుల భక్తి ఎంత గట్టిదంటే, వచ్చే శనివారం దాకా ఆగలేక ఆదివారం పొద్దున్నే వచ్చి ఎంకన్న వంటింట్లో కూర్చున్నాయి.